చెయ్యి వదిలిన పేజీ

హెప్సిబా పుస్తకాన్ని టప్పున మూసేసింది.

పక్క సీట్లో ఆయన ఉలిక్కిపడి చూశాడు. "ఏవైందండీ?"

"ఏం లేదండీ. ఈవిడ రాసినవి జన్మలో ముట్టుకోకూడదనుకున్నాను. అయినా బుద్ధి లేక పట్టుకున్నాను."

కైకలూరు నుంచి ఏలూరు వెళ్ళే సాయంత్రం బస్సు అది. బయట నాలుగు రోజులుగా వదలని వాన.

హెప్సిబా కైకలూరులో టీచరు. కాపురం ఏలూరులో. ఇల్లు చేరితే వంట, అంట్లు, దిద్దాల్సిన నోటుపుస్తకాలు. తన కోసం తాను చదువుకోవడానికి ఆమెకు మిగిలేది ఈ బస్సు ప్రయాణమే. ఆరేళ్ళ కూతురు ఏంజెల్ ఒళ్ళో నిద్రపోగానే సంచిలోంచి పుస్తకం తీసేది.

"ఉన్న ఆ కాస్త టైమూ నచ్చనావిడకి ఎందుకిచ్చారండీ మరి?" అన్నాడాయన నవ్వుతూ.

"మా స్కూల్లో క్రిస్టినా అని ఉందిలెండి. ఈ ఒక్కటీ చదివి, అప్పుడు తిట్టమంది. సగం చదివేసరికే ఒళ్ళు మండిపోతోంది."

"అంత తప్పేం రాశారండీ?"

"ఓ తల్లి ఇద్దరు పిల్లల్ని చెరో చేత్తో పట్టుకుని వరద దాటుతుంటుందండీ. నడిమధ్యలో పెద్దాడి చెయ్యి వదిలేస్తుంది. ఏ తల్లయినా వదులుతుందా? ఫ్యాను కింద కూర్చుని రాసే రాతలు!"

ఆయన మొహంలో నవ్వు పోయింది.

"చిన్నపిల్ల మునిగిపోతోందేమోనండీ. ఆ పిల్లని ఎత్తడానికి రెండు చేతులూ కావలసొచ్చాయేమో."

"మీరూ చదివారా?"

"లేదండీ. చేపల చెరువుల మీద పని. పుస్తకం పట్టే తీరికేదీ?"

"ఎన్ని చెప్పినా అది తల్లి కాదండీ. రాక్షసి."

 ఆయన తల తిప్పుకుని కిటికీలోంచి కొల్లేరు కేసి చూస్తూ కూర్చున్నాడు.

చిన ఎడ్లగాడి వంతెన దగ్గరికి వచ్చేసరికి బస్సు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

పొద్దున మడమలు తడిసే నీళ్ళు. ఇప్పుడు రోడ్డేదో కొల్లేరేదో తెలియడం లేదు. చూస్తుండగానే నీళ్ళు బస్సు మొదటి మెట్టెక్కాయి. కాసేపటికి రెండో మెట్టు.

"ఇంజన్లోకి నీళ్ళెళ్ళిపోయాయండీ!" డ్రైవరు అరిచాడు. "అదిగో ట్రాక్టరొచ్చింది. ఇంతకంటే ముందుకి రాలేదట. చీకటి పడకముందే దిగి నడవండి!"

ట్రాక్టరు వంద గజాల దూరంలో ఉంది.

ముందుగా పక్క సీటాయనే దిగాడు. నడుంలోతు.

"ఒకళ్ళ చెయ్యి ఒకళ్ళు పట్టుకోండి. రోడ్డు మధ్యలోనే నడవాలి. ఎడమపక్క కోసుకుపోయింది, అటు అడుగెయ్యకండి!"

హెప్సిబా ఏంజెల్‌ని చంకనెత్తుకుంది. రెండో చేత్తో ముందున్న మనిషి చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, భయమేస్తోంది."

"నేనున్నానుగా. గట్టిగా పట్టుకో."

సగం దూరం నడిచారు. ఉన్నట్టుండి ఆమె కాలు గోతిలో పడింది.

నీళ్ళు నెత్తి మీదుగా పోయాయి. పిల్ల చంకలోంచి జారింది. హెప్సిబా గాలించి పిల్ల చెయ్యి దొరకబుచ్చుకుంది. అంతలో పక్కనుంచి నీటి ఊపొకటి వచ్చి కొట్టింది.

తడిసిన చిన్న వేళ్ళు ఒక్కొక్కటే జారిపోయాయి.

"ఏంజెల్!"

ఆయన వెనక్కి తిరిగి, ఎటు వెళ్ళవద్దన్నాడో అటే దూకాడు.

రెండు తలలూ కనబడలేదు. ఎవరో హెప్సిబా జబ్బ పట్టుకుని ఆపారు. ఆమె పెనుగులాడుతోంది. 

ఎంతసేపో! దూరంగా నీళ్ళ మీద గుర్రపుడెక్క మొక్కల గుబురు కదిలింది. అందులోంచి ముందు ఏంజెల్ తల, ఆ వెనక ఆయన తల పైకొచ్చాయి.

ట్రాక్టరెక్కాక ఏంజెల్ నీళ్ళు కక్కింది. దగ్గింది. తర్వాత గొల్లుమంది. ఆ ఏడుపు విన్నాకే హెప్సిబాకు ఊపిరి ఆడింది.

"వదిలేశాను... నా చేతులారా వదిలేశాను," అంటూ పిల్లని గుండెకు అదుముకుంది.

"అనకండి ఆ మాట!"

ఆయన గొంతు అంత కటువుగా పలకడం అదే మొదలు.

"నీళ్ళు లాగేశాయి. అంతే. ఇంటికెళ్ళాక కూడా అనకండి. మీరు ఏళ్ళ తరబడి అదే తలుచుకుని ఏడుస్తుంటే, మిమ్మల్ని ఓదార్చడంతోనే ఈ పిల్లకి బతుకంతా సరిపోతుంది."

మెరక రాగానే ఆయన దూకేశాడు.

"ఆగండి బాబుగారూ! మీ పేరైనా..."

"మా అమ్మ ఒక్కత్తీ ఉందండీ. వానకి ఉండలేదు."

గట్టు మీద పరుగులాంటి నడకతో వెళ్ళిపోయాడు.

హెప్సిబా ట్రాక్టరు తోలే సత్తిరాజును అడిగింది. "ఎవరండీ ఆయన?"

"గంగరాజు గారండీ. పక్క లంకలో మా ఊరే. వాన పడిందంటే వాళ్ళమ్మ వీరరాఘవమ్మగారు గుమ్మంలో కూర్చుని 'పెద్దాడేడీ, పెద్దాడేడీ' అని ఏడుస్తారు. ఈయనెళ్ళి చెయ్యి పట్టుకుని, ఇక్కడే ఉన్నానమ్మా అంటే గానీ లోపలికి రారు."

"ఎందుకనండీ?"

"నలభై ఏళ్ళ కిందటి మాటండీ. ఆమధ్య ఎవరో రచయిత్రిగారొచ్చి, నెల్లాళ్ళు మా ఊళ్ళో ఉండి, ఆ తల్లి చెప్పిందంతా పుస్తకం రాశారు."

హెప్సిబా ఏంజెల్ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

సత్తిరాజు గేరు మారుస్తూ మామూలుగా చెప్పాడు. "చెల్లెల్ని ఎత్తుకోడానికి ఆవిడ వరదలో చెయ్యి వదిలేసిన పెద్దాడు ఈయనేనండీ."