చిన్నోడున్నాడా?

తలుపు తీసేసరికి గుమ్మంలో ఎవరో ముసలాయన, చేతిలో సంచీ.

"చిన్నోడున్నాడా అమ్మా?"

ఆ ఇంటి మనవరాలికి నవ్వూ వచ్చింది, విసుగూ వచ్చింది. చిన్నోడంటే ఆ ఇంట్లో ఆమె కొడుకే. వాడు పార్కులో కనిపించిన ప్రతి తాతతోనూ జట్టు కడతాడు. ఆ స్నేహితులు ఇలా ఇంటిదాకా రావడం కొత్తేమీ కాదు.

"స్కూలుకెళ్ళాడండీ."

"స్కూలుకా!" ముసలాయన నోరు తెరిచాడు. "అయితే ఒంట్లో ఓపిక ఉందన్నమాట."

"ఓపికకేం లోటు? ఇల్లు పీకి పందిరేస్తుంటే!"

ఆయన పకపకా నవ్వాడు. "వాడి అల్లరి నాకు తెలీదూ!"

కబుర్లు పెంచే తీరిక ఆమెకు లేదు. తాతయ్య పోయి ఏడాది. సాయంత్రం చుట్టాలంతా వస్తున్నారు. పెద్దది చేయించిన తాతయ్య ఫొటో తేవడానికి భర్త స్టూడియోకి వెళ్ళాడు. తాతయ్య గురించి నాలుగు మాటలు చెప్పే పని ఆమె నెత్తిన పడింది.

నాలుగు మాటలేమిటి, పూటంతా చెప్పగలదు. తాతయ్య దర్జీ. పిల్లలందరికీ ఒకే తానులోంచి గౌన్లూ చొక్కాలూ కుట్టేవాడు. వాళ్ళలో ఎవరు తప్పిపోయినా, గుడ్డ చూసి గుర్తుపట్టి ఇంటికి తెచ్చి అప్పగించేవారు. అమ్మమ్మతో మాటా మాటా వస్తే నోరెత్తేవాడు కాదు, గుడ్డ లేకుండా మిషను తొక్కేవాడు. ఆ ఖాళీ మిషను చప్పుడు విని పక్కింటివాళ్ళు, "ఏమిటమ్మా, మళ్ళీనా?" అని అమ్మమ్మను ఆటపట్టించేవారు. అమ్మమ్మ చెయ్యి విరిగినప్పుడు కట్టు విప్పేదాకా ఆమెకు జడ వేసింది తాతయ్యే.

అన్నీ ఉన్నాయి. మొదలే లేదు.

పెళ్ళయిన కొత్తలోనే అమ్మమ్మను తీసుకుని ఈ ఊరొచ్చేశాడు. అంతకుముందు సంగతి ఎవరడిగినా, "నేను పుట్టిందే మీ అమ్మమ్మను చూసిన రోజు" అని మాట దాటేసేవాడు. అమ్మమ్మనడిగితే, "ఆయన చెప్పనిది నేను చెప్పనా?" అనేది.

తాతయ్య చిన్నప్పటి ముచ్చట ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి దొరికితే చాలని మనవరాలి ప్రాణం కొట్టుకుంటోంది. తెలిసినవాళ్ళందరికీ ఫోన్లు చేసింది. తాతయ్యను నిక్కర్లో చూసినవాళ్ళెవరూ మిగల్లేదు.

గుమ్మంలో ముసలాయన ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

"వీడోసారి ఏం చేశాడో తెలుసా తల్లీ? ఎదురింటి మేకకి చొక్కా కుట్టి..."

ఫోన్ మోగింది. కుర్చీలు అద్దెకిచ్చేవాడు.

"ఒక్క నిమిషమండీ," అంటూ ఆమె పక్కకు తిరిగింది. కుర్చీలవాడితో వాదన తేలేసరికి ముసలాయన మాట ఆగిపోయి ఉంది. ఆమె కూడా తర్వాతేమైందని అడగలేదు.

"ఇంట్లో ఏదో హడావుడిలా ఉంది," అన్నాడాయన.

"చుట్టాలొస్తున్నారండీ. చిన్నోణ్ణి రేపు కలుద్దురుగాని లెండి."

"రేపటిదాకా ఉండలేనమ్మా, బస్సుంది." కాసేపు లోపలి గదివైపు చూశాడు. "పెద్దావిడ కులాసాయేనా?"

"అమ్మమ్మా? బాగుంది. ఇప్పుడే నడుం వాల్చింది. లేపనా?"

"వద్దొద్దు!" ఆయన ఒక మెట్టు వెనక్కి దిగాడు. తర్వాత చాలా మెల్లగా అడిగాడు. "చిన్నోడు ఎప్పుడైనా నన్ను తలుచుకుంటాడా?"

అయ్యో పాపం అనిపించింది. త్వరగా పంపించెయ్యాలనీ అనిపించింది.

"తలుచుకోకపోవడమేమిటండీ! రోజూ మీ మాటే."

ముసలాయన కళ్ళు నిండిపోయాయి. ఆమె తల నిమిరాడు.

"పెద్దోడొచ్చాడని చెప్పు. సంతోషంగా వెళ్ళాడని కూడా చెప్పు."

ఆమె తలుపు వేసి పనిలో పడింది.

కాసేపటికి అమ్మమ్మ లేచింది. "ఎవరే వచ్చింది?"

"చిన్నోడి స్నేహితుడట, ఎవరో తాతగారు. పేరు చెప్పకుండా, పెద్దోడొచ్చాడని చెప్పమన్నాడు. చోద్యం కాకపోతే!"

అమ్మమ్మ ముఖం పాలిపోయింది.

"చిన్నోడంటే నీ కొడుకు కాదే. మీ తాతయ్య. వాళ్ళన్నయ్యకి ఎప్పటికీ చిన్నోడే."

మనవరాలు చెప్పులైనా వేసుకోకుండా బస్టాండుకి పరుగెత్తింది. బస్సులు ఆగుతున్నాయి, కదులుతున్నాయి. ఏ కిటికీలోనూ ఆయన లేడు.

ఇంటికొచ్చి అమ్మమ్మ ఒళ్ళో తల పెట్టి బావురుమంది.

"తాతయ్య లేడని కూడా చెప్పలేదే! స్కూలుకెళ్ళాడన్నాను. మేక కథ చెప్పబోతే వినిపించుకోలేదు."

"ఊరుకో. తమ్ముడు హాయిగా ఉన్నాడనుకుంటూ వెళ్ళాడు. పోనీ, అలాగే అనుకోనీ."

"తాతయ్యకి అన్నయ్య ఉన్నాడని మాకెవరూ చెప్పలేదేం? పోట్లాడుకున్నారా?"

"పోట్లాటా! అమ్మా నాన్నా పోతే ఆ అన్నే తల్లీ తండ్రీ అయి పెంచాడు. మిషను తొక్కడం నేర్పింది ఆయనే. చిన్నప్పటి మాట ఏది ఎత్తినా అందులో ఆయనే ఉంటాడు. అందుకే మీ తాతయ్య మాట దాటేసేవాడు."

"మరి ఇన్నేళ్ళూ ఎక్కడున్నాడు? ఎందుకు రాలేదు?"

అమ్మమ్మ అరచేత్తో కళ్ళు తుడుచుకుంది.

"నాకు కుదిరిన పెళ్ళికొడుకు ఆయనేనే. నా మనసూ మీ తాతయ్య మనసూ కనిపెట్టి, పెళ్ళికి ముందురోజు ఎవరికీ చెప్పకుండా ఊరొదిలి వెళ్ళిపోయాడు."