పదమూడో చేప

ఉదయం 9.40కి మైలపల్లి నూకరత్నం విశ్వవిద్యాలయం పెట్టిన శాస్త్రీయ డైవర్ పరీక్షలో తప్పింది. అది ఆమెకు ఆఖరి అవకాశం. ఆ సర్టిఫికెట్ లేనివాళ్లను సముద్రంలో దిగనివ్వరు. భీమిలి తీరంలో చేపలు లేకుండా పోయి పదకొండేళ్లయింది కాబట్టి, లెక్కింపు పరీక్ష కోసం అడుగున పన్నెండు రబ్బరు చేపలు కడతారు. ఆమె పలక మీద పదమూడు రాసుకొచ్చింది.

"ఒకటి నన్ను సూసి పారిపోనాదండి," అంది.

"రబ్బరు చేప పారిపోతుందా తల్లీ?" అని నవ్వాడు పరీక్షాధికారి.

"రబ్బరుది కాదు బాబూ, పేనమున్నదే. సిన్నప్పుడు మా అయ్య వలలో అలాంటిదే సూసినాను."

"పన్నెండని దిద్దు. ఇప్పుడే సంతకం పెడతాను."

"కళ్లారా సూసింది ఎలా కొట్టెయ్యనండి?"

ఆమె దిద్దలేదు.

మధ్యాహ్నం సిబ్బంది దిగి రబ్బరు చేపలను లెక్కపెట్టారు. పన్నెండే ఉన్నాయి. ఒకదాని తోక కొరికి ఉండడంతో దాన్ని తీసేసి కొత్తది కట్టారు.