లెక్కకు రాని నీళ్లు

పరీక్షకులు గంటలో వస్తారనగా, నా మనవరాలు తాను చేసిన హైడ్రోజన్ సెల్‌ను విప్పడానికి స్క్రూడ్రైవర్ తీసింది. ఆ సెల్ కరెంటుతో పాటు నీళ్లు కూడా పుట్టిస్తుంది.

“లెక్క ప్రకారం రావాల్సిన నీళ్లలో సగమే గ్లాసులోకి వచ్చాయి, అమ్మమ్మా! మిగతావి లోపలే నిలిచిపోయాయి. సెల్ మునిగిపోతుంది.”

“అయితే బాగా ఆరబెట్టెయ్యవే.”

“ఆరితే లోపలి పొర ఎండి చస్తుంది.”

“తడిసినా ఏడుపే, ఆరినా ఏడుపే. అచ్చం చంటప్పటి నువ్వే! విప్పితే మళ్లీ బిగించే టైముందా?”

“లేదు. ఈ ఏడాదికి ఇక అంతే సంగతులు.” అంటూనే మొదటి స్క్రూ మీద స్క్రూడ్రైవర్ పెట్టింది.

అప్పుడు ఆ గ్లాసు వంక పరకాయించి చూశాను. వెంటనే స్క్రూడ్రైవర్ లాక్కున్నాను.

“ఈ నీళ్లలో ఉప్పూ మురికీ ఏవీ ఉండవన్నావుగా?”

“అవును. అయితే?”

“మిగతా సగం పొద్దున నేనే ఆవిరి ఇస్త్రీపెట్టెలో పోశాను. నీ చొక్కా ఊరికే అంత నున్నగా వచ్చిందనుకున్నావా?”