అన్నిటికంటే శుభ్రమైన నీళ్ళు

మంచినీళ్ళ తొట్లో చేపలు మళ్ళీ చచ్చాయి.

దక్షిణామూర్తి తొట్టి ముందు గొంతుక్కూర్చుని తల పట్టుకున్నాడు. పక్క తొట్లో చేపలు కూడా చచ్చాయి గాని, వాటి గురించి ఆయనకి బెంగ లేదు. అవి చావాల్సినవే.

బందరు కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే దక్షిణామూర్తి ఇంట్లో చేపలు పెట్టుకున్నాడన్న కబురు అప్పటికే వీధంతా పాకింది. నయా పైసలు కొత్తగా వచ్చిన రోజులవి. ఆ చిల్లర లెక్క తేలక బుర్రలు బద్దలు కొట్టుకుంటున్న జనం కూడా మేష్టారి సంగతి తేల్చడానికి తీరిక చేసుకున్నారు. "పెంచడమేనా, పులుసు కూడానా?" అని ఒకరినొకరు అడిగి నవ్వుకున్నారు.

ఆయన గొడవ వేరు. ఊరవతల ఓ కొట్టంలో గిల్టు నగలు కడిగిన నీళ్ళు మురుక్కాలవలో పడి, అక్కణ్ణించి చేపల చెరువులో కలుస్తున్నాయి. ఆ నీళ్ళలో రాగి కరిగి ఉంటుందనీ, అది మొప్పల్ని పాడుచేసి చేపకి ఊపిరాడకుండా చేస్తుందనీ ఆయన వాదన. ఆ చెరువు మీదే బతికే భాగ్యమ్మ ఖాళీ గంప తెచ్చి ఆయన గుమ్మంలో బోర్లించి ఏడ్చింది. మేష్టారు ఆగలేకపోయాడు. మునిసిపల్ కౌన్సిలర్ రాజారత్నం గారి దగ్గరికి పరిగెత్తాడు.

రాజారత్నం గారు తాపీ మనిషి. "కంటికి ఆనని రాగికి చేప చస్తుందంటే ఎవరు నమ్ముతారండీ? రెండు తొట్లు పెట్టండి. ఒకదాంట్లో కాలవ నీళ్ళు, ఒకదాంట్లో మంచినీళ్ళు. ఇందులోవి చచ్చి అందులోవి బతికితే, కౌన్సిల్లో మాట్లాడి కాలవ మళ్ళించే పూచీ నాది. సోమవారం పొద్దున్నే వచ్చి చూస్తాను" అన్నాడు.

దక్షిణామూర్తి కాలేజీ నుంచి రెండు గాజు తొట్లు తెచ్చి వసారాలో పెట్టాడు. భాగ్యమ్మ అవనిగడ్డ వైపు వెళ్ళి, వేలెడంత పరిగె చేపపిల్లల్ని కుండలో పట్టుకొచ్చింది. కాలవ నీళ్ళు తను చూసుకుంటూ, మంచినీళ్ళ తొట్టిని దక్షిణామూర్తి తన భార్య ఇందిరాదేవికి అప్పగించాడు.

"రోజూ నీళ్ళు మార్చు. మనింట్లో అన్నిటికంటే శుభ్రమైన నీళ్ళు పొయ్యి."

ఇందిరాదేవి ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని ఒప్పుకుంది. "నా ఖర్మ! మా పుట్టింట్లో చేప అన్న మాట మత్స్యావతారం దగ్గర తప్ప విన్లేదు" అంది.

తీరా చూస్తే ఇదీ వరస. ఏ తొట్లోవి బతకాలో ఆ తొట్లోవీ వెల్లకిలా తేలుతున్నాయి. మేష్టారు కావిడి నీళ్ళవాణ్ణి మార్చాడు. తొట్టిని కడిగి ఎండబెట్టాడు. అయినా అంతే. చివరికి ఆయన కోపం భాగ్యమ్మ మీదకి మళ్ళింది.

"రోగిష్టి చేపల్ని తెచ్చి నా నెత్తిన కొడుతున్నావు!"

"నా చేపకి రోగమేంటండీ అయ్యగారూ! కుండలో బస్సెక్కి గంతులేసుకుంటా వచ్చినియ్యి. మీ ఇంటికొచ్చాకే నీలుక్కుపోతన్నాయి. మీ గుమ్మంలో ఏముందో మీరే చూసుకోండి."

ఆ మాట ఆయనకి గుచ్చుకుంది. ఇల్లాలి వైపు ఓరగా చూశాడు. ఈవిడకి నీచు వాసన గిట్టదు. పీడ వదిలించుకోవడానికి ఏ సున్నమో కలపలేదు కదా?

"ఇందిరా, నిజం చెప్పు. నీళ్ళలో ఏమైనా కలిపావా?"

ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "పూజ చేసే చేత్తో పాపం మూటగట్టుకుంటానా? దేవుడి మీద ఒట్టు, చిటికెడు కూడా ఏమీ కలపలేదు. వాటి అవస్థ చూళ్ళేక, సగం మార్చే నీళ్ళు ఇప్పుడు తొట్టి నిండా మారుస్తున్నాను."

ముక్కు మీది కొంగు ఆవిడ ఎప్పుడు తీసేసిందో ఆయన గమనించనే లేదు. అనుమానించినందుకు సిగ్గుపడ్డాడు.

ఆదివారం మళ్ళీ కొత్త పిల్లల్ని వేశారు. సోమవారం తెల్లారేసరికి అవీ పోయాయి. ఎత్తిపారేసే వ్యవధి కూడా లేకుండా రాజారత్నం గారు రానే వచ్చాడు.

రెండు తొట్లనీ వంగి చూసి, కుర్చీలో కూర్చుని పెదవి విరిచాడు. "కాలవ నీళ్ళలో చచ్చాయి, సరే. మంచినీళ్ళలోనూ చచ్చాయిగా మేష్టారూ! ఇక ఆ గిల్టువాళ్ళని ఏమని అడగమంటారు?"

గుమ్మం బయట భాగ్యమ్మ ఖాళీ గంపతో నిలబడి వింటోంది. ఆమె మొహం చూడ్డానికి దక్షిణామూర్తికి ధైర్యం చాలలేదు. ఇన్నాళ్ళూ ఆమెకి లేనిపోని ఆశ పెట్టానని లోపల కుమిలిపోయాడు.

"మీ ఇంటి నీళ్ళే మంచివి కావేమోనండీ" అంటూ రాజారత్నం గారు కుర్చీలోంచి లేవబోయాడు.

అప్పుడే కాఫీ తెస్తున్న ఇందిరాదేవికి ఎక్కడలేని పౌరుషం పొడుచుకొచ్చింది. గ్లాసు ఠక్కున బల్ల మీద పెట్టింది.

"మా నీళ్ళకేం వచ్చిందండీ, నోరులేని జీవాలకి మేలు జరగాలని, చింతపండేసి తళతళా తోమిన దేవుడి రాగి బిందెలో రాత్రంతా నిలవుంచి మరీ పోస్తుంటే!"