ఎక్స్‌రే

ఐదో రోజు కూడా ఆ మనిషి అక్కడే నిలబడి ఉన్నాడు.

రోడ్డుకు అవతల, మూతపడిన ఫొటో స్టూడియో మెట్ల మీద. మాసిన తెల్ల చొక్కా, పక్షం రోజుల గడ్డం, చంకలో మడిచిన గొడుగు.

ఉదయం బ్యాచ్ వదిలే వేళకు వస్తాడు. మేడ మీది స్పోకెన్ ఇంగ్లీష్ సెంటర్ ముందు వచ్చేపోయే ప్రతి మొహాన్నీ గుచ్చి గుచ్చి చూస్తాడు. టీచరు దిగిందంటే మాత్రం ఆ చూపు ఆమెకే అతుక్కుంటుంది. ఆమె ఎక్కిన ఆటో మలుపు తిరిగేదాకా ఊడిరాదు.

క్లాసు అతనికి ఎక్స్‌రే అని పేరు పెట్టేసింది.

ఆ రోజు పాఠం కూడా చూపుల గురించే వచ్చింది. మనిషిని ఎగాదిగా చూడటాన్ని ఇంగ్లీషువాళ్ళు ఏమంటారో, యాక్సిడెంట్ దగ్గర బండి ఆపి మెడ సాచేవాళ్ళని 'రబ్బరు మెడ' అని ఎందుకు వెక్కిరిస్తారో టీచరు చెబుతోంది.

వెనక బెంచీలోంచి బ్యాంకు గుమస్తా చెయ్యెత్తాడు.

"మేడమ్, మన ఎక్స్‌రే చూసే చూపునేమంటారు?"

అందరూ పగలబడి నవ్వారు. టీచరు కూడా నవ్వింది. కానీ బోర్డు వైపు తిరిగేముందు కిటికీలోంచి ఒకసారి రోడ్డు అవతలికి చూసింది.

ఇంట్లో చెబితే భర్త ఉద్యోగం మానెయ్యమన్నాడు. సెంటర్ మెట్ల పక్కనే బైకుల షెడ్డు నడిపే మెకానిక్‌కి చెబితే, ఆ సంగతి తనకు వదిలెయ్యమని, చెల్లెమ్మ జోలికొస్తే ఊరుకునేది లేదని మాటిచ్చాడు.

పదకొండున్నరకు క్లాసు వదిలారు.

టీచరు సగం మెట్లు దిగేసరికి ఆ మనిషి రోడ్డు దాటి వస్తున్నాడు. అలా రావడం అదే మొదటిసారి. ఒగరుస్తూ వచ్చి, రెండు చేతులూ చాచి మెట్లకు అడ్డంగా నిలబడ్డాడు.

"అమ్మా, ఇవాళ కిందికి దిగొద్దు. దిగితే ప్రాణం దక్కదు."

ఆమె వెనక్కి ఒక మెట్టెక్కింది.

"అన్నయ్యా..." అని కేక పెట్టింది.

మెకానిక్ చేతిలో రెంచి ఉండనే ఉంది. మొదటి దెబ్బ చెవి మీద పడింది. గొడుగు లాక్కుని ఎవరో దాంతోనే బాదారు. అది విరిగాక కాళ్ళతో తన్నారు. జన్మలో ఎవరి మీదా చెయ్యి చేసుకోని బ్యాంకు గుమస్తా హెల్మెట్ తీసి అతని మూతి మీద మోదాడు. ఒక పన్ను ఎగిరి మెట్టు మీద పడింది.

అతను తిరిగి కొట్టలేదు. పారిపోనూ లేదు. రెయిలింగ్ పట్టుకున్న చెయ్యి మాత్రం వదల్లేదు. వేళ్ళ మీద రెంచితో రెండుసార్లు కొడితే గానీ అది ఊడలేదు.

"నన్ను చంపినా ఫర్వాలేదు," అన్నాడు నోట్లో నెత్తురుతో. "ఆ అమ్మని పైకి పంపండి."

గోలలో ఆ మాట ఎవరికీ వినపడలేదు. టీచరుకు వినపడింది. పిచ్చివాడనుకుంది. ఐదు రోజుల భయమంతా ఒక్కసారి కోపమై పొంగింది.

"ఇంకో రెండు తగిలించండి అన్నయ్యా," అంది.

తగిలించారు. డొక్కలో.

తర్వాత ఆ మనిషిని మూటలా ఆటోలో కుక్కి, మెకానిక్, గుమస్తా చెరోపక్క కూర్చుని పోలీస్ స్టేషన్‌కు తీసుకుపోయారు. చూడ్డానికి మూగినవాళ్ళు ఎటువాళ్ళటు సర్దుకున్నారు. టీచరు పైకి వెళ్ళి మొహం కడుక్కుని, ధైర్యం చిక్కబట్టుకుని, ఒంటరిగా దిగింది.

మనిషి లేని షెడ్డు వెనకనుంచి ఒక కుర్రాడు వచ్చాడు.

ఆమె గుర్తుపట్టింది. అడ్డమైన మెసేజ్‌లు పెడుతున్నాడని మూడు నెలల కిందట క్లాసులోంచి పంపించేసిన కుర్రాడే. పేరు పెట్టి పిలవబోయింది. అప్పటికే వాడి చేతిలో కత్తి లేచింది.

మొదటి వేటు, మొహానికి అడ్డం పెట్టుకున్న చేతిని మోచేతిదాకా చీల్చింది. రెండోది భుజంలో దిగింది. మూడోదానికి జుట్టు పట్టుకుని మెడ వెనక్కి వంచాడు. అంతలో పక్క జిరాక్స్ షాపావిడ విసిరిన ఇనప స్టూలు వాడి మోకాలికి తగిలింది. వాడు కూలబడ్డాడు. జనం మీద పడ్డారు.

మధ్యాహ్నానికి ఆస్పత్రిలో ఆమెకు ముప్పై ఒక్క కుట్లు పడ్డాయి.

వాంగ్మూలం తీసుకోవడానికి ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. మెకానిక్ మంచం కాళ్ళ దగ్గర నిలబడి ఉన్నాడు. చేతులకింకా గ్రీజు, నెత్తురు.

ఆటోలో పంపిన మనిషి, స్టేషన్‌లో దించి వచ్చిన కాసేపటికే పోయాడని ఇన్‌స్పెక్టర్ చెప్పాడు. పక్కటెముక విరిగి ఊపిరితిత్తిలో దిగిందట.

మెకానిక్ చేతులు ప్యాంటుకేసి తుడుచుకోసాగాడు.

 ఆ మనిషికి తనతో ఏం పని అని టీచరు అడిగింది.

"కత్తితో వచ్చినవాడు అంతా ఒప్పేసుకున్నాడమ్మా," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఐదు రోజులుగా రోజూ వస్తున్నాడట. మలుపుదాకా వచ్చి, ఎదుటి మెట్ల మీద ఈయన్ని చూసి వెనక్కి పోయేవాడట. నిన్న రాత్రి ఇంటికే పోలేదట. ఇవాళ అటోఇటో తేల్చుకుందామని ఆ షెడ్డు వెనకే కాచుకున్నాడు."

ఆమె దిండు మీంచి తలెత్తింది.

"ఈయన... పోలీసా?"

ఇన్‌స్పెక్టర్ కాగితాలు మడిచాడు.

"కాదమ్మా. శవాన్ని గుర్తుపట్టించడానికి ఇందాక వాడినే బేడీలతో తీసుకెళ్ళాం, మొహం మీద గుడ్డ తియ్యగానే 'నాన్నా' అన్నాడు."