మగవాళ్ల వరుస

ఇకపై తమ్ముడనే పిలుస్తానని ఒట్టేసిన మా అన్న, నెల తిరక్కుండానే రేషన్ కార్డులో నన్ను చెల్లెలని రాయించాడు. ఆ రోజే ఊరొదిలి గూడూరు చేరాను. నలభై ఏళ్లు మగవాడిగా బతికాను.

మొన్న ఎదలో నొప్పి వస్తే, కబురంది అన్నే ఆసుపత్రికి తీసుకెళ్లాడు. ఈసీజీకి మగవాళ్ల వరుసలో కూర్చున్నాను. చొక్కా కింద, ఛాతీని అణిచిపెట్టే బైండర్ ఉంది.

"తాతా, లోపల ఆ బిగుతు బనీను కూడా తీసెయ్యి. వైర్లు పెట్టాల," అన్నాడు టెక్నీషియన్.

"తీయను. పైనే పెట్టు."

"పైన పెడితే నీ గుండె ఎట్టా పలకద్ది?"

వాకిట్లోంచి అన్న అరిచాడు. "అది ఆడమనిషి నాయనా! నర్సమ్మను పిలవండి, చచ్చిపోతాది!"

వరుసంతా నావైపు తిరిగింది. ఆయాసపడుతూనే చొక్కా దగ్గరికి లాక్కున్నాను. నర్సు తెర లాగి, బైండర్ కత్తిరిస్తూ, "భయపడొద్దమ్మా" అంది.

ప్రాణం దక్కింది. మగవాడిగా పోవలసిన నన్ను ఆడదానిగా బతికించిన పాపం మా అన్న పెంచలయ్యది.