ఏడిళ్లు తేల్చిన కర్త

ఉదయం ఏడు గంటల పది నిమిషాలు. సన్నని తుంపర పడుతోంది, గాలి లేదు. నా తోడికోడలు భ్రమరాంబ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ, వంటింటి గోడమీది తెరకు జవాబులు చెబుతోంది.

కోర్టుకు చేరే ప్రతి ఫిర్యాదునూ యంత్రం ఇంగ్లీషులోకి మారుస్తుంది. అందులోని సర్వనామాల్లో ఏది కర్తో, ఏది కర్మో తేల్చడానికి ఒకప్పుడు భాష చదువుకున్నవాళ్లు ఉండేవారు. వాళ్లు ఆలస్యం చేస్తున్నారని ఆ పనిని మాలాంటి మామూలు ఇళ్లకు, ఒక్కో ఫిర్యాదుకు ఏడిళ్ల చొప్పున అప్పగించారు. ఎక్కువమంది చెప్పిందే కోర్టుకు ప్రమాణం.

తెరమీద “హీ పుష్డ్ హర్” అన్న వాక్యం వెలిగింది. భర్త మెట్లమీంచి తోసేశాడని ఒకావిడ చేసుకున్న ఫిర్యాదు అది.

“హర్ కర్త,” అంది భ్రమరాంబ.

“తోసింది వాడు కదటే!”

“ఊరికే తోస్తాడేంటక్కా? ఈవిడ ఏదో అనే ఉంటుంది. మొదలెట్టినవాళ్లే కర్త.”

“రేపు నిన్ను తోస్తే?”

“నన్నెందుకు తోస్తారు? నోరు మూసుకుని ఉంటాగా,” అని నవ్వి మరో కాయ అందుకుంది.

ఇంటికి ఒకటే ఓటు, అది ఆమె పేరుమీద ఉంది.

అయిదిళ్లు అదే మాట చెప్పాయి. కనుక ఆవిడే తోసినట్టు తేలింది, కనుక కోర్టు ఆవిడను ఆ ఇంటికే తిప్పి పంపింది. ఎక్కువమందితో కలిసినందుకు భ్రమరాంబ తెరమీద ఆకుపచ్చ నక్షత్రం మెరిసింది.

ఆరేళ్ల తర్వాత ఆవిడ చావుమీద, బావే చంపాడని ఆవిడ తమ్ముడు ఫిర్యాదు చేశాడు. ఈసారి ఏడిళ్లూ ఆవిడనే కర్తగా గుర్తించాయి.